లేపాక్షిలో చదివిన సీమ చరిత్ర

నేను గోదావరి డెల్టాలో పుట్టి పెరిగాను. పెళ్లయ్యాక రాయలసీమలోని హిందూపురం వచ్చి ఇక్కడే స్థిరపడ్డాను. ఇప్పుడు ఇదే నా ఊరు. కోనసీమ నుంచి బంధువులు ఫోన్ చేస్తే అడిగేది ఒకటే: “రాళ్లూ కరువూ తప్ప అక్కడేముందే?” వాళ్లకూ, వాళ్లలాగే అనుకునే మన డెల్టా వాళ్లందరికీ లేపాక్షిని చూపించి జవాబు చెప్పాలని ఇది రాస్తున్నాను.

కరువు మాట అబద్ధం కాదు. అనంతపురం ప్రాంతంలో ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘాలను పడమటి కనుమలు ఆపేస్తాయి. ఈశాన్య మేఘాలు ఇంత లోపలికి వచ్చేసరికి నీరసిస్తాయి. మరి ఇలాంటి నేల మీద, హిందూపురానికి పదిహేను కిలోమీటర్ల దూరంలో, అంత పెద్ద వీరభద్రాలయం ఎలా లేచింది?

విజయనగర రాజ్యంలో పెనుకొండ ముఖ్యమైన దుర్గం. అక్కడ ఆ రాజ్యానికి పెద్ద ఉద్యోగులైన విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు, అచ్యుతరాయల కాలంలో, 1530లలో ఈ గుడి కట్టించారు. ఇక్కడి శాసనాలు ఎక్కువగా కన్నడంలో ఉన్నాయి. దేవుడి పూజలకూ నైవేద్యాలకూ రాసిచ్చిన భూములు, ఊళ్ల వివరాలు వాటిలో కనిపిస్తాయి. అంటే గుడి నడిచింది చుట్టుపక్కల పొలాల పంట మీదే. ఆ పంటకు ఆధారం చెరువులు. అనంతపురం చెరువును 14వ శతాబ్దంలోనే బుక్కరాయల మంత్రి చిక్క ఒడయరు తవ్వించాడు. నది లేనిచోట వాన చుక్కను కట్ట వేసి ఆపడం తెలిసిన రాజ్యం అది.

లేపాక్షి గుడి కూర్మశైలం అనే చిన్న గుట్ట మీద ఉంది. తాబేలు వీపులా గుండ్రంగా ఉండే ఆ గుట్టను శిల్పులు చదును చేసెయ్యలేదు. రాయి ఎలా ఉంటే దాన్ని బట్టి ప్రాకారాలు నడిపారు. లోపల పైకి లేచిన బండనే ఏడు పడగల నాగేంద్రుడిగా చెక్కి, చుట్టల మీద లింగాన్ని నిలిపారు. గుడికి కొంచెం దూరంలో మరో బండ బసవన్న అయింది. దాని పొడవు సుమారు 27 అడుగులు, ఎత్తు 15 అడుగులు. మెడలో గంటలూ హారాలూ అన్నీ ఆ ఒక్క రాతిలోనివే.

గర్భగుడిలో వీరభద్రుడు ఉత్తర ముఖంగా ఉంటాడు. ఆయన ముందరి మండపంలో శివుడికీ విష్ణువుకీ వేరువేరు గుళ్లు ఎదురెదురుగా ఉన్నాయి. నాట్య మండపంలో స్తంభానికొకరుగా రంభ, బ్రహ్మ, తుంబురుడు, మూడు కాళ్ల భృంగి నిలబడి ఒక కచేరీ నడుపుతుంటారు. చాలామంది నేలకు పూర్తిగా ఆనని వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూసి వెళ్లిపోతారు. దయచేసి అక్కడితో ఆగకండి, తలెత్తి కప్పు చూడండి. సున్నపు పూత మీద సహజమైన రంగులతో కిరాతార్జునీయం, పార్వతీ కల్యాణం, మనునీతి చోళుడి కథ కనిపిస్తాయి. పెద్ద వీరభద్రుడి బొమ్మ పాదాల దగ్గర ఆ అన్నదమ్ములు మొక్కుతూ ఉన్నారు. ఆడవాళ్ల చీరల అంచులూ మగవాళ్ల పొడుగాటి కుళ్లాయిలూ చూస్తే, అయిదు వందల ఏళ్ల కిందటి సీమ జనం ఎలా కట్టుకునేవాళ్లో తెలిసిపోతుంది.

కల్యాణ మండపం మాత్రం పూర్తి కాలేదు. ఖజానా సొమ్ము వాడాడని రాజు శిక్ష వేయబోతే, విరూపణ్ణ తన కళ్లు తానే తీసి గోడకు కొట్టాడని జనం చెప్పుకునే కథ. గోడ మీది ఎర్రటి మచ్చలను ఇప్పటికీ చూపిస్తారు.

1565 యుద్ధంలో విజయనగరం ఓడాక రాజధాని హంపి పాడుబడింది. రాజ్యాన్ని నడిపిన తిరుమలరాయలు రాజధానిని పెనుకొండకు మార్చాడు. తర్వాతి రాజులు చంద్రగిరికి వెళ్లిపోయారు. రాజధాని వెళ్లాక సీమ సరిహద్దు నేల అయింది. చేతులు మారి నిజాం కిందికి వచ్చిన ఈ నేలను 1800లో ఆయన ఈస్టిండియా కుంపిణీకి ఇచ్చేశాడు. మన డెల్టాకు ధవళేశ్వరం ఆనకట్ట 1852కు పూర్తయింది. ఇక్కడ పాత చెరువులు పూడిపోతూ ఉండగానే 1876లో ధాత కరువు అని పిలిచే పెద్ద కరువు వచ్చి ఊళ్లకు ఊళ్లను తుడిచిపెట్టింది. మన పచ్చదనం వెనుక ఒక ఆనకట్ట ఉన్నట్టే, సీమ కరువు వెనుక వాన తక్కువ కావడంతో పాటు పట్టించుకోని పాలన కూడా ఉంది. తక్కువ వానతోనే ఈ నేల ఒకప్పుడు లేపాక్షిని పోషించింది.

2022లో లేపాక్షి ఆలయం, నంది యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. పూర్తి గుర్తింపు రావాలని ఇక్కడివాళ్లం కోరుకుంటున్నాం. అంతకంటే ముఖ్యం, ఆ స్తంభాలను కాపాడినంత శ్రద్ధతో ఆ కాలపు చెరువుల పూడిక తియ్యాలి, వాటికి నీరొచ్చే వాగుల మీద ఆక్రమణలు తొలగించాలి. చెరువు లేకుండా ఆ గుడి లేదు. డెల్టా నుంచి తిరుపతి దాకా వచ్చేవాళ్లు ఇంకొక్క రోజు పెట్టుకుని లేపాక్షికి రండి. చూశాక ఈ సీమను కరువు పేరుతో మాత్రమే పిలవడం మానేయండి.