ఆవిరి కథ



పూర్వము మన పల్లెలలో రైలును పొగబండి యనెడివారు. పండితులు ధూమశకట మనిరి. రెండు పేళ్లును పొగకే గొప్పతనమును కట్టబెట్టినవి. బండిని లాగినది పొగ కాదు, ఆవిరి. పేరులోని యీ పొరపాటు చిన్నదే. ఇంతకంటె పెద్ద పొరపాటు నొకదానిని నేను ముప్పదియేండ్లు బడిలో పాఠముగా జెప్పితిని. దానిని నేడు మీ యెదుట దిద్దుకొందును.

నేను చెప్పిన కథ యిది: జేమ్సు వాట్ అను స్కాట్లండు బాలుడు వంటయింట గూర్చుండి, మరుగుచున్న కెటిలు మూత యెగిరిపడుట జూచి, ఆవిరికి బలమున్నదని గ్రహించి, ఆవిరియంత్రమును కనిపెట్టెను. ఒకనాడొక పిల్లవాడు లేచి, “అయ్యా, మా యమ్మ దినమును మూత యెగురుట చూచుచునే యున్నది. ఆమె యేల కనిపెట్టలేదు?” అని యడిగెను. నేను వానిని గదిమి కూర్చుండబెట్టితిని. తప్పు నాది. వాని ప్రశ్నకు నాకు సమాధానము తెలియదు.

చరిత్ర నా కథ నొప్పుకొనదు. వాట్ పుట్టినది 1736లో. అంతకు పూర్వమే, 1712లో, ఇంగ్లండున థామస్ న్యూకోమెన్ అను ఇనుపసామానుల వర్తకుడు ఆవిరియంత్రముచే బొగ్గుగనినుండి నీరు తోడించెను. 1679లోనే డెనిస్ పాపిన్ అను ఫ్రెంచి వైద్యుడు మూత బిగించిన పాత్రలో ఎముకలను సైతము మెత్తపడ వండి చూపెను. నేటి ప్రెషరు కుక్కరునకు మూలపురుషుడదియే. కావున ఆవిరి బలము వాట్ పుట్టుకకు ముందే యెరిగిన విషయము.

మరి వాట్ చేసిన దేమి? అతడు గ్లాస్గో విశ్వవిద్యాలయమున పనిముట్లు చేయువాడు. 1763లో న్యూకోమెన్ యంత్రపు చిన్న నమూనా యొకటి మరమ్మతునకై యతని చేతికి వచ్చెను. అది నాలుగు మారులాడి నిలిచిపోవుచుండెను. ఆ యంత్రమున ముందు గొట్టములోనికి ఆవిరిని పంపి, పిదప చన్నీరు చిమ్ముదురు. ఆవిరి నీరై కుంచించుకొనగా లోపల శూన్యమేర్పడును. బయటి గాలి బరువు గొట్టములోని ముషలకమును క్రిందికి నొక్కును. మరల ఆవిరిని నింపవలెనన్న, చల్లారిన గొట్టమునే మరల కాచవలెను. ఆవిరియంతయు అందులకే చెల్లిపోవుచుండెను.

అప్పుడు వాట్ నిజముగనే కెటిలును చేపట్టెను. బాలుడుగా గాదు, ఇరువదియెనిమిదేండ్ల వాడై. కెటిలు కొమ్మునకు వంపు గాజుగొట్టమును తగిలించి, రెండవ కొనను చన్నీట ముంచి, ఆవిరిని పంపి కొలిచెను. ఒకపాలు నీటినుండి పుట్టిన ఆవిరి, ఆరుపాళ్ల చన్నీటిని మరుగువరకు తెచ్చుచున్నది! వాట్ అబ్బురపడి జోసెఫ్ బ్లాక్ అను ఆచార్యు నడిగెను. ఆయన 1762 నాటికే యీ మర్మమును కనుగొని బోధించుచుండెను. నీరు మరుగ నారంభించిన పిదప ఎంత మంట పెట్టినను వేడిమి పెరుగదు. ఆ మంట నీటిని ఆవిరిగా మార్చుటకే వ్యయమై ఆవిరిలో దాగియుండును. ఇదియే గుప్తోష్ణము.

దీని లెక్క మన పొయ్యి చెంతనే యున్నది. 30 డిగ్రీల నీటిని 100 డిగ్రీలకు తెచ్చుటకు గ్రామునకు 70 కెలోరీలు చాలును. ఆ మరుగునీటినే ఆవిరిచేయుటకు 540 కావలెను. అనగా దాదాపు ఎనిమిదింతలు. కావున ఎసరు తెరలిన పిదప కట్టెలు కుక్కుట వృథా: అన్నము త్వరగా నుడుకదు, నీరు మాత్రము త్వరగా నింకును. వాసెన గట్టి కుడుములు వండునపుడు, ఆవిరి పిండిని తాకి నీరగుచు దాగిన వేడిని విడుచును. కుడుము ఉడుకుట అందువలననే. ఆవిరి సోకిన చేయి మరుగునీరు పడినదానికంటె ఘోరముగ కాలుటయు నందువలననే. పాత్రపై తెల్లగా కనబడునది చల్లారిన నీటి తుంపర. నిజమైన ఆవిరి దాని క్రింద, కంటికి కనబడక యుండును. పసివారి చేతులను అచటికి పోనీయకుడు.

గుప్తోష్ణ మెంతటిదో తెలిసినందున వాట్‌కు నష్టము కారణమును తెలిసినది. గొట్టమును ఎల్లప్పుడు వేడిగానే యుంచి, ఆవిరిని ప్రక్కనున్న వేరొక పాత్రలోనికి పంపి చల్లార్చవలెనని 1765లో అతనికి తోచెను. 1769లో దానిపై హక్కుపత్రము పొందెను. తరువాత అతడును, భాగస్వామియగు మాథ్యూ బౌల్టనును, పాత యంత్రముతో పోల్చగా మిగిలిన బొగ్గు వెలలో మూడవవంతునే గనుల యజమానులనుండి ప్రతిఫలముగా గొనిరి. మిగులు ఎంత గొప్పదో దీనివలన నూహింపవచ్చును.

ఆ ఆవిరి 1856లో మదరాసు రాయపురమున బండి కదలించెను. 1874లో సికిందరాబాదు చేరెను. పొగబండి కాలము గడచినది గాని ఆవిరి కాలము గడువలేదు. 1884లో చార్లెస్ పార్సన్స్ నిర్మించిన టర్బైను సంతతివే నేడు రామగుండమున, ఇబ్రహీంపట్టణమున ఆవిరిచే తిరిగి మన యిండ్లకు విద్యుత్తు నిచ్చుచున్నవి.

నేను గదిమిన పిల్లవాని కిప్పుడు సమాధానము చెప్పగలను. నాయనా, మీ యమ్మయు చూచినది, వాట్‌యు చూచెను. అతడు చూచి యూరకుండక కొలిచెను. తెలియనిదానిని తెలిసినవారి నడిగెను. నీవును ఆనా డడిగితివి. అడిగిన నిన్ను నేను కూర్చుండబెట్టితిని. మీ యిండ్ల పిల్లలు పొయ్యి చెంత నిలిచి యేమేని యడిగినచో, పెద్దలారా, నావలె చేయకుడు.