వెడల్పయిన చక్రాల కథ

 

ఈ సంచికకు వ్యాసం అడిగినప్పుడు సంపాదకవర్గం వారు "నీకు తెలిసిన విషయమే రాయి" అన్నారు. నాకు తెలిసినవి చక్రాలు, టైర్లు. ఇంజనీరింగు ముగించి ఇంగ్లండు చేరాక నా ఉద్యోగమంతా కోవెంట్రీ చుట్టుపక్కల కార్ల సస్పెన్షన్ పనిలోనే గడిచింది. సెలవు రోజుల్లో పాత స్పోర్ట్స్ కార్లు బాగుచేసే ఒక చిన్న షెడ్డులో సాయం చేస్తుంటాను. అక్కడికి వచ్చేవారు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: "ఈ పాత కారుకు ఇప్పటి వెడల్పాటి చక్రాలు, టైర్లు వేయవచ్చా?" జవాబు అవుననో కాదనో ఒక్క మాటలో తేలదు. దాని వెనక వందేళ్లకు మించిన చరిత్ర ఉంది.

వెడల్పు చక్రం సంగతి మన ఊళ్లవాళ్లకు కొత్తేమీ కాదు. ఇనుప పట్టా వేసిన ఎడ్లబండి చక్రం వానకాలం బురదలో కోసుకుంటూ దిగిపోయేది. టైరు బండ్లు వచ్చాక అదే దారిలో, అవే ఎడ్లు ఎక్కువ బరువు లాగాయి. అయితే టైర్లు వేసినప్పుడు పాత చక్రం ఒక్కటే మార్చి ఊరుకోలేదు. ఇరుసు కూడా మార్చారు. ఈ చిన్న విషయం గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

గాలి నింపిన టైరుకు మొదటి పేటెంటు 1845లో రాబర్ట్ విలియం థామ్సన్‌ది. అది వాడుకలోకి రాలేదు. 1888లో బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడు జాన్ బాయిడ్ డన్‌లప్ మళ్లీ దాన్ని కనిపెట్టాకే లోకం గాలి టైర్ల మీద నడవడం మొదలుపెట్టింది. ఆ తరువాత చాలాకాలం కార్ల టైర్లు ఎత్తుగా, సన్నగానే ఉండేవి. లోపలి దారపు పొరలు ఒకదాని మీద ఒకటి ఐమూలగా పరచుకుని ఉండేవి. దీన్నే క్రాస్‌ప్లై అంటారు. మన అంబాసిడర్‌కు వేసిన 5.90-15 టైరు ఈ కోవలోదే. ఆ అంకెల్లో మొదటిది టైరు వెడల్పు, రెండోది రిమ్ము వ్యాసం, రెండూ అంగుళాల్లోనే.

1946లో ఫ్రాన్సుకు చెందిన మిషెలిన్ సంస్థ రేడియల్ టైరుకు పేటెంటు తీసుకుంది. ఇందులో దారాలు ఒక అంచు నుంచి రెండో అంచుకు అడ్డంగా సాగుతాయి. వాటి పైన, నేలను తాకే భాగం కింద, ఉక్కు తీగల పట్టీ ఉంటుంది. అందువల్ల పక్క గోడ మెత్తగా వంగినా నేలను తాకే భాగం చదునుగా నిలుస్తుంది. టైరును పొట్టిగా, వెడల్పుగా చేయడానికి దారి తీసింది ఈ నిర్మాణమే.

ఇక కార్ల సంగతి. 1961 మార్చిలో జెనీవా ప్రదర్శనలో జాగ్వార్ ఈ-టైప్‌ను చూపించారు. గంటకు 150 మైళ్లు, అంటే సుమారు 240 కిలోమీటర్ల వేగమని చెప్పుకున్న కారు అది. దాని ఊచల చక్రాల వెడల్పు 5 అంగుళాలే. టైర్లు 6.40-15 క్రాస్‌ప్లై. ఈనాటి మామూలు కుటుంబ కార్ల చక్రాలు కూడా అంతకంటే వెడల్పు. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో చూపిన పోర్షె 911 చక్రాలైతే మరీ సన్నం, నాలుగున్నర అంగుళాలు.

వెనక ఇంజను ఉన్న ఈ పోర్షె మలుపుల్లో తోక విసిరేది. దాన్ని అదుపులో పెట్టడానికి కంపెనీ ఒక దశలో ముందు బంపరులో బరువు దిమ్మలు పెట్టింది. తరువాత పదేళ్లలో చక్రాలు మెట్టుమెట్టుగా ఐదున్నర, ఆరు అంగుళాలకు పెరిగాయి. 1969 మోడలుకు ముందు వెనక చక్రాల మధ్య దూరాన్ని 57 మిల్లీమీటర్లు పెంచారు. 1972లో వచ్చిన కరెరా ఆర్‌ఎస్ 2.7కు ముందు 6, వెనక 7 అంగుళాల చక్రాలు వేశారు. వాటికి చోటు చాలేలా వెనక మడ్‌గార్డులను ఉబ్బెత్తుగా చేశారు. మలుపులో కారు ఒరగకుండా పట్టే యాంటీ-రోల్ బార్ల మందం పెంచారు.

జాగ్వార్ కూడా అదే చేసింది. 1971లో పన్నెండు సిలిండర్ల ఇంజనుతో వచ్చిన మూడో సిరీస్ ఈ-టైప్‌కు 6 అంగుళాల చక్రాలు వచ్చాయి. వాటితోపాటే విప్పారిన చక్రాల తోరణాలు, గాలి ఆడే ముందు బ్రేకు డిస్కులు, పవర్ స్టీరింగు కూడా వచ్చాయి. చరిత్ర మనకు చెప్పే మొదటి పాఠం ఇదే. చక్రాన్ని వెడల్పు చేసిన తయారీదారులు దాన్ని ఒంటరిగా వెడల్పు చేయలేదు.

ఎందుకని? ఘర్షణ బలం తాకే వైశాల్యం మీద ఆధారపడదని మన సైన్సు మాస్టారు నల్లబల్ల మీద రాసి చెప్పారు. ఆ మాట ఇటుకకు, చెక్కకు సరిపోతుంది, రబ్బరుకు పూర్తిగా సరిపోదు. రబ్బరు మెత్తనిది, రోడ్డు గరుకులోకి చొచ్చుకుపోతుంది. ఒత్తిడి పెరిగేకొద్దీ దాని ఘర్షణ గుణకం తగ్గుతుంది. అలాగని వెడల్పు టైరు నేలను బాగా ఎక్కువ వైశాల్యంలో తాకుతుందనుకోవడమూ పొరపాటే. ఒక చక్రం మీద 300 కిలోల బరువు ఉండి, టైరులో చదరపు సెంటీమీటరుకు 2 కిలోల గాలి ఉంటే, నేలను తాకే భాగం సుమారు 150 చదరపు సెంటీమీటర్లు. అంటే అరచేతి అంత. గాలి అంతే ఉంటే వెడల్పు టైరులోనూ దాదాపు అంతే. మారేది ఆకారం. పొడుగ్గా సన్నగా ఉన్న పాదముద్ర పొట్టిగా వెడల్పుగా అవుతుంది. మలుపులో అది తక్కువ మెలిపడుతుంది కాబట్టి స్టీరింగు తిప్పగానే కారు మాట వింటుంది.

లాభం ఇంత స్పష్టమైతే ఖర్చులూ అంతే స్పష్టం. రోడ్డు మీద నీళ్లు నిలిచినప్పుడు వెడల్పు టైరు సన్నటిదానికంటే ముందే తేలిపోతుంది. పాత కారు మలుపులో బాగా ఒరుగుతుంది. దానితో చక్రమూ వాలితే వెడల్పు టైరు ఒక అంచు మీదే నిలబడుతుంది. చక్రం బయటికి జరిగితే స్టీరింగు బరువెక్కుతుంది, గుంటల్లో చేతుల్ని తన్నుతుంది, బేరింగుల మీద భారం పెరుగుతుంది. ఊచల చక్రాల్లో ఊచల మొదళ్ల దగ్గర గాలి నిలవదు కాబట్టి ట్యూబు తప్పనిసరి. పొట్టి గోడల టైరులో ట్యూబు రాపిడికి, వేడికి గురవుతుంది.

2019లో ఒకావిడ తన తండ్రి వదిలివెళ్లిన 1966 ఈ-టైప్‌ను మా షెడ్డుకు తెచ్చారు. కారు వేగంలో అటూఇటూ కొట్టుకుంటోందట. పిల్లల్ని ఎక్కించుకోవాలంటే భయంగా ఉందన్నారు. 7 అంగుళాల చక్రాలు, 225/60 ఆర్15 టైర్లు అప్పటికే కొనేశారు. వేసి ఇస్తే చాలన్నారు.

ముందు లెక్క చూశాం. ఆ కారుకు సరిపడే 185 ఆర్15 పాతకాలపు రేడియల్‌లో గోడ ఎత్తు వెడల్పులో సుమారు 82 శాతం. రిమ్ము 381 మిల్లీమీటర్లు కలిపితే మొత్తం వ్యాసం 684 మిల్లీమీటర్లు. 225/60లో గోడ 135, మొత్తం 651. అంటే దాదాపు 5 శాతం తక్కువ. స్పీడోమీటరు 100 చూపినప్పుడు నిజంగా వెళ్లేది 95. ఇంజను అదే వేగానికి ఎక్కువ తిరగాలి. పైగా వెనక మడ్‌గార్డు లోపల టైరు ఒరుసుకునేలా ఉంది.

తరువాత కారు కింద చూశాం. పాత టైర్ల గాళ్లు లోతుగా, కొత్తవాటిలా ఉన్నాయి. పక్క గోడ మీద తయారీ తేదీ మాత్రం మూడంకెల్లో ఉంది. 2000 నుంచి ఈ తేదీని నాలుగంకెల్లో వేస్తున్నారు. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. "2319" అంటే 2019లో ఇరవై మూడో వారం. మూడంకెలంటే ఆ టైర్లు అంతకుముందు శతాబ్దానివి! గాళ్లు ఎంత ఉన్నా పదేళ్లు దాటిన టైరును మార్చమని తయారీదారులే చెబుతారు. ముందు సస్పెన్షన్‌లో రబ్బరు బుష్‌లు పొడిపొడి అయిపోయాయి. ఒక చక్రం నడిమి పళ్లు అరిగిపోయి ఆడుతున్నాయి. వెడల్పు చక్రాలు వేసి ఉంటే ఈ రోగాలన్నీ కొన్నాళ్లు దాగి, భారం పెరిగాక ఒక్కసారిగా బయటపడేవి. అప్పుడు వెనక సీటు లేని ఆ చిన్న కారులో పక్కన కూర్చునేది ఆవిడ బిడ్డే.

ఆవిడకు మొదట కష్టంగానే తోచింది. డబ్బు పెట్టి కొన్న చక్రాలు కదా. అయినా పాత వెడల్పులోనే కొత్త 185 రేడియళ్లు, కొత్త బుష్‌లు, అరిగినదాని బదులు మరో చక్రం వేయించుకున్నారు. కారు తిన్నగా నడిచింది. కొన్న చక్రాలను అమ్మేశారు. ఆ వేసవిలో పెద్దపిల్లను పక్కన కూర్చోబెట్టుకుని ఆ కారులోనే సముద్రతీరానికి వెళ్లివచ్చారు.

అన్ని కార్లకూ ఇదే మందు అనను. ట్రాకు మీద తోలేవారు అదే కారుకు 6 అంగుళాల చక్రాలు, 205/70 టైర్లు అడిగితే నాకు అభ్యంతరం లేదు. వ్యాసంలో తేడా రెండున్నర శాతం లోపే. 1971లో జాగ్వారే ఆ వెడల్పుకు వచ్చింది. కాకపోతే తీసిన పాత చక్రాలు పారేయవద్దని చెబుతాను. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య రూపొందించిన టురిన్ చార్టర్ కూడా, తీసేసిన ముఖ్యమైన అసలు భాగాలను వాహనంతోపాటే భద్రపరచమని కోరుతుంది. రేపు వచ్చేవారు పోల్చిచూసుకోవడానికి ఆధారం ఉండాలి కదా.

పాతదాన్ని మార్చబోయే ముందు నేను రెండు ప్రశ్నలు వేసుకుంటాను. దీన్ని చేసినవాళ్లు ఇలాగే ఎందుకు చేశారు? రేపు కావాలంటే మళ్లీ వెనక్కి తేగలమా? స్వర్ణోత్సవ నిధితో మన బడికి కొత్త హంగులు సమకూరుస్తున్న మిత్రులకు కూడా ఇవి పనికొస్తాయనుకుంటాను. కరెంటు గంట తప్పక పెట్టించండి. వరండాలో వేలాడే ఆ రైలు పట్టా ముక్కను మాత్రం పాత ఇనుము వాళ్లకు వేయకండి. కరెంటు పోయిన రోజున దాని అవసరం పడుతుంది.