ప్రపంచ పోలీసు వాదం

ప్రపంచ పోలీసు అనగా తన సరిహద్దులకు వెలుపల జరిగే దౌర్జన్యాలను సైనిక బలంతో అణచే అధికారాన్ని తనంతట తానే స్వీకరించిన బలమైన దేశం. ఇరవయ్యవ శతాబ్దంలో ఈ మాట ఎక్కువగా అమెరికా సంయుక్త రాష్ట్రాలను ఉద్దేశించి వాడబడినది. అంతకు ముందు శతాబ్దంలో ఆ స్థానం బ్రిటనుది. ఒక దేశం ఇటువంటి పాత్ర వహించవచ్చునా, వహిస్తే ఎవరికి జవాబుదారీగా ఉండవలెను అన్నది అంతర్జాతీయ రాజకీయాలలో నేటికీ తేలని వివాదం.

తెలుగువారికి ఇది దూరదేశాల సంగతి మాత్రమే కాదు. పూర్వపు ఉమ్మడి చిత్తూరు జిల్లాలోని మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల చరిత్రలో ఈ వివాదపు ముఖ్యాంశాలన్నీ చిన్న రూపంలో కనిపిస్తాయి.

పదం పుట్టుక

1823 నాటి మన్రో సిద్ధాంతం ప్రకారం యూరపు రాజ్యాలు అమెరికా ఖండాలలో కొత్తగా జోక్యం చేసుకొనరాదు. (ఈ మన్రో అమెరికా అధ్యక్షుడు జేమ్స్ మన్రో. ఇదే వ్యాసంలో క్రింద వచ్చే, రాయలసీమలో మన్రోగా ప్రసిద్ధుడైన థామస్ మన్రో వేరు.) 1904 డిసెంబరులో అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్ట్ ఆ సిద్ధాంతాన్ని విస్తరించి, పొరుగు దేశాలు అదుపు తప్పినపుడు అమెరికా అంతర్జాతీయ పోలీసు అధికారాన్ని వినియోగించవలసి రావచ్చునని ప్రకటించినాడు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్ "నలుగురు పోలీసులు" అనే ఆలోచన చేసినాడు. అమెరికా, బ్రిటన్, సోవియట్ యూనియన్, చైనాలు యుద్ధానంతరం శాంతిని కాపాడవలెనని దాని సారాంశం. 1945లో ఏర్పడిన ఐక్యరాజ్యసమితి భద్రతామండలిలో ఈ నాలుగింటికి ఫ్రాన్సు తోడై అయిదు శాశ్వత సభ్యదేశాలయినవి. సమితికి సభ్యదేశాలు సైన్యాన్ని సమకూర్చే ఒప్పందాలు చేసుకొనవలెనని దాని నిబంధనావళి 43వ అధికరణం చెబుతున్నది. ఆ ఒప్పందాలు ఎన్నడూ జరగలేదు. అందువలన సమితికి తనదైన సైన్యం ఏర్పడలేదు. నేటి వివాదానికి మూలకారణం ఈ లోటే అని చెప్పవచ్చును. న్యాయస్థానం వంటిది ఒకటి ఉన్నది గాని దానికి బంట్రోతు లేడు.

కావలి వ్యవస్థ - పాలెగాళ్ళు

విజయనగర సామ్రాజ్యం క్షీణించిన తరువాత రాయలసీమలోను, చిత్తూరు సీమలోను పాలెగాళ్ళు స్థానిక ప్రభువులైనారు. కుప్పం ప్రాంతం కంగుంది పాలెంలోనిది. పుంగనూరు మరొక సంస్థానం. పాలెగానికి ఉన్న హక్కులలో ముఖ్యమైనది కావలి. గ్రామాలను, బాటలను, సంతలను దొంగల నుండి కాపాడినందుకు రైతుల నుండి, వర్తకుల నుండి అతడు కావలి రుసుము వసూలు చేసేవాడు. ఈ వ్యవస్థలో గమనించదగిన షరతు ఒకటి ఉన్నది. దొంగతనం జరిగి సొత్తు దొరకకపోతే ఆ నష్టాన్ని కావలి వహించినవాడే పూరించవలెను. రక్షణకు రుసుము తీసుకొన్నవాడు రక్షించలేకపోతే జరిమానా కట్టుట అనే ఈ నియమం నేటి ప్రపంచ పోలీసు ఎవరికీ లేదు.

ఆచరణలో ఈ నియమం సక్రమంగా నడిచినదని చెప్పుటకు వీలులేదు. కావలి రుసుము తన ఎల్లలలోనే ఇచ్చినవారికి పాలెగాడు రక్షకుడు. పొరుగు పాలెం వారికి అతడే దోపిడీదారు. రుసుము ఇవ్వని ఊరిపై తన మనుషులనే పంపినవారు కూడా ఉన్నారు. మైసూరు, ఆర్కాటు, నిజాం, మరాఠా, కంపెనీ సేనలు ఈ ఘాట్ల మీదుగా పదేపదే నడిచిన 18వ శతాబ్దంలో సామాన్య రైతు ఒకే పంటకు ఇద్దరు ముగ్గురు రక్షకులకు చెల్లించవలసి వచ్చేది. హైదర్ అలీ 1782 డిసెంబరు 7న మరణించినది కూడా చిత్తూరు సమీపంలోని నరసింగరాయనిపేట వద్ద, యుద్ధ శిబిరంలోనే.

పెద్ద కావలిగా కంపెనీ

1798లో గవర్నర్ జనరల్ వెల్లస్లీ నిజాంతో సైన్యసహకార ఒప్పందం చేసుకొన్నాడు. దాని ప్రకారం నిజాం రాజ్యరక్షణకు కంపెనీ సైన్యం నిలుస్తుంది. ఆ సైన్యం ఖర్చు నిజాం భరించవలెను, కంపెనీ అనుమతి లేక ఇతర రాజ్యాలతో సంబంధాలు పెట్టుకొనరాదు. 1799లో టిప్పు సుల్తాను మరణించిన తరువాత 1800 అక్టోబరు 12 నాటి ఒప్పందంతో నిజాం, ఆ ఖర్చు క్రింద, మైసూరు యుద్ధాలలో తన వాటాకు వచ్చిన భూభాగాలను కంపెనీకి వదలివేసినాడు. ఇవే దత్తమండలాలు. మదనపల్లె ప్రాంతం వీటిలోనిదై, 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడే వరకు కడప జిల్లాలో ఉండెను. అనగా ఈ సీమ ఒక రాజు తన కావలికి చెల్లించిన రుసుము. ఆ చెల్లింపులో సీమ ప్రజల అభిప్రాయం ఎవరూ అడగలేదు.

దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా 1800 నుండి 1807 వరకు పనిచేసిన థామస్ మన్రో సుమారు 80 మంది పాలెగాళ్ళను ఎదుర్కొన్నాడు. కొందరిని వెళ్ళగొట్టి, కొందరికి భరణం ఇచ్చి, వారి బంట్లను నిరాయుధులను చేసినాడు. 1801లో ఆర్కాటు నవాబు రాజ్యం కంపెనీ వశమైన తరువాత చిత్తూరు పశ్చిమ పాలేలలోను ఇదే జరిగినది. కావలి హక్కులు, రుసుములు చేజారుటతో అక్కడి పాలెగాళ్ళు 1803-05 మధ్య తిరుగుబాటు చేయగా సైన్యంతో అణచివేసినారు. పుంగనూరు, కంగుంది జమీందారీలుగా మిగిలి, 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం వరకు కొనసాగినవి.

ఫలితం ఏమిటన్న ప్రశ్నకు రెండు సమాధానాలున్నవి, రెండూ నిజమే. బాటలు సురక్షితమైనవి, ఊళ్ళ మధ్య దాడులు ఆగినవి, రైతు ఒక్కరికే శిస్తు కట్టుకొన్నాడు. ఈ మార్పు వలననే మన్రో పేరు రాయలసీమ పల్లెలలో గౌరవంగా నిలిచినది. మరోవైపు, శిస్తు భారం ఎక్కువైనపుడు మొరపెట్టుకొనుటకు కంపెనీ పైన మరొకరు లేరు. పాలెగాని కావలి దుర్మార్గమైతే పక్క పాలేనికి వలసపోవచ్చును. పెద్ద కావలి వచ్చిన తరువాత పక్క పాలెం లేదు. కంపెనీ ప్రవేశపెట్టిన దారోగా పోలీసు పద్ధతి కూడా విఫలమై, మన్రో సూచనల మీద 1816లో గ్రామ పోలీసు బాధ్యత తిరిగి గ్రామాధికారులకే ఇవ్వవలసి వచ్చినది.

ఈ వాదంలో అన్నిటికంటె విలువైన సాక్ష్యం మన్రోదే. 1817లో గవర్నర్ జనరల్ హేస్టింగ్సుకు వ్రాసిన లేఖలో ఆయన సైన్యసహకార పద్ధతిని తీవ్రంగా విమర్శించినాడు. బయటి సైన్యం అండ ఉన్న రాజుకు శత్రుభయం గాని, ప్రజల తిరుగుబాటు భయం గాని ఉండదనియు, అందుచేత పాలన నానాటికి బలహీనమై పీడనకు దిగుతుందనియు ఆయన వాదన. రక్షణ పేరుతో నిలిపిన సైన్యం చివరకు తాను రక్షించిన ప్రభుత్వాన్నే నాశనం చేస్తుందని ఆయన అభిప్రాయం. ఈ పద్ధతి వలన లాభపడిన రాజ్యపు ఉద్యోగియే ఈ మాట అనుట గమనార్హం. తరువాతి కాలంలో దక్షిణ వియత్నాం, అఫ్ఘానిస్తాన్ ప్రభుత్వాలు అమెరికా సైనిక అండ తొలగిన తరువాత (మొదటిది 1975లోను, రెండవది 2021లోను) కూలిపోయిన తీరును ఈ విమర్శతో పోల్చి చూడవచ్చును.

మదనపల్లె, హోంరూల్ ఉద్యమం, విల్సన్

పరాధీన దేశం ఒక బలమైన దేశపు సాయం కోరవచ్చునా అన్న ప్రశ్న మొదటి ప్రపంచయుద్ధ కాలంలో మదనపల్లెను తాకినది. అనీ బిసెంట్ 1915లో ఇక్కడ దివ్యజ్ఞాన కళాశాలను స్థాపించినది. 1917 జూన్ లో మద్రాసు ప్రభుత్వం ఆమెను ఉదకమండలంలో నిర్బంధించినది. అదే నెలలో హోంరూల్ లీగు గౌరవాధ్యక్షుడు, మద్రాసు హైకోర్టు మాజీ న్యాయమూర్తి ఎస్. సుబ్రహ్మణ్య అయ్యర్ అమెరికా అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ కు లేఖ వ్రాసినాడు. ప్రజాస్వామ్యం కొరకు యుద్ధంలో దిగినట్లు చెప్పుకొన్న దేశం భారతదేశ స్వపరిపాలన విషయంలో బ్రిటనుపై తన పలుకుబడిని వినియోగించవలెనని ఆయన కోరినాడు. విల్సన్ నుండి ఆశించిన ఫలితం రాలేదు. లేఖ సంగతి బ్రిటిషు పార్లమెంటులో దుమారం రేపినది. భారత వ్యవహారాల కార్యదర్శి మాంటేగు దానిని నిందించగా, 1918లో అయ్యర్ తన బిరుదులను త్యజించినాడు.

మదనపల్లె కళాశాల కూడా హోంరూల్ ఉద్యమంతో గల సంబంధం కారణంగా మద్రాసు విశ్వవిద్యాలయపు గుర్తింపును కోల్పోయి జాతీయ కళాశాలగా మారినది. జేమ్స్ కజిన్స్ ప్రిన్సిపాలుగా ఉన్న ఈ కళాశాలకు 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూరు వచ్చి, జనగణమన గీతానికి ఆంగ్లానువాదం ఇక్కడే చేసినాడు. గీతపు స్వరరచనకు సంబంధించి మార్గరెట్ కజిన్స్ పేరు కూడా చెప్పబడుతుంది. ఈ సంగతి అందరికీ తెలిసినదే గాని, ఠాగూరు అప్పటికి జాతీయవాదంపై జపాను, అమెరికాలలో చేసిన ప్రసంగాలను 1917లో పుస్తకంగా వెలువరించి, దానిని విల్సన్ కు అంకితమీయదలచిన సంగతి అంతగా ప్రచారంలో లేదు. బ్రిటిషు వారి సలహా మీద అమెరికా ప్రభుత్వం ఆ అనుమతి నిరాకరించినది. అయ్యర్ లేఖకు, ఠాగూరు అంకితానికి ఎదురైన అనుభవం ఒక్కటే. పోలీసు, తన మిత్రుని ఇంటిలో జరిగే దానిని విచారించుటకు సిద్ధపడలేదు. ఠాగూరు మదనపల్లె విడిచిన ఆరువారాలకు జలియన్‌వాలా బాగ్ కాల్పులు జరిగినవి.

1895లో మదనపల్లెలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి ఈ ప్రశ్నను మరొక దిక్కు నుండి చూసినాడు. జాతీయతే యుద్ధకారణాలలో ఒకటని, దేశాలుగా విడిపోయిన మనుషులు దేశాల సంఘం పెట్టుకొని శాంతిని పొందలేరని ఆయన వాదించినాడు. 1985లో న్యూయార్కులో ఐక్యరాజ్యసమితి వేదికపై కూడా ఇదే ధోరణిలో మాట్లాడినాడు. ఆయన దృష్టిలో మంచి పోలీసు, చెడ్డ పోలీసు అన్న ఎంపికకు అర్థం లేదు.

పోలీసు చర్య

సైనిక దాడికి పోలీసు పేరు పెట్టుట తెలుగువారికి 1948 సెప్టెంబరు నుండి పరిచితం. రజాకార్ల దౌర్జన్యాల నేపథ్యంలో సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదు సంస్థానంలో ప్రవేశించగా, 17న నిజాం లొంగిపోయినాడు. సైనికంగా దీని పేరు ఆపరేషన్ పోలో అయినా, ప్రజల వాడుకలో పోలీసు చర్యగానే నిలిచినది. దేశాల మధ్య యుద్ధం కాక అంతర్గత శాంతిభద్రతల వ్యవహారంగా చూపుటకు ఆ పేరు ఉపకరించినది. నిజాం అప్పటికే భద్రతామండలికి ఫిర్యాదు చేసియున్నాడు. మండలి దానిని సెప్టెంబరు 16న చేపట్టేసరికి వ్యవహారం దాదాపు ముగిసిపోయినది. చర్య అనంతరం జరిగిన హింసను పరిశీలించిన సుందర్‌లాల్ కమిటీ, 27 వేల నుండి 40 వేల మంది మరణించి ఉండవచ్చునని అంచనా వేసినది. ఆ నివేదిక 2013 వరకు ప్రజలకు అందుబాటులోనికి రాలేదు. రజాకార్ల పీడ తొలగినదని సంతోషించినవారు, ఆ తరువాతి హింసకు బలియైనవారు ఇరువురూ అదే సంస్థానపు ప్రజలు. రెండు సంవత్సరాల తరువాత, 1950 జూన్ లో, అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ కొరియా యుద్ధాన్ని కూడా పోలీసు చర్యగా వర్ణించుటకు అంగీకరించినాడు. ఆ "చర్య" మూడు సంవత్సరాలు సాగినది.

అనుకూల, ప్రతికూల వాదనలు

జోక్యాన్ని సమర్థించేవారు ముఖ్యంగా రువాండాను చూపుతారు. 1994లో అక్కడ సుమారు నూరు దినాలలో దాదాపు 8 లక్షల మంది హతులైనారు. హత్యలు మొదలైన తరువాత ఐక్యరాజ్యసమితి తన శాంతిసేనను పెంచుటకు బదులు తగ్గించినది. ఎవరూ పోలీసు కానినాడు ఏమి జరుగుతుందో చూపుటకు ఇంతకంటె ఉదాహరణ అక్కరలేదు. 1971లో తూర్పు పాకిస్తాను విషయంలో భారతదేశం జోక్యం చేసుకొనగా, అమెరికా తన నౌకాదళాన్ని బంగాళాఖాతంలోనికి పంపినది. ప్రపంచ పోలీసు ఆనాడు బాధితుల పక్షాన లేడని భారతీయులు మరచిపోలేదు.

ప్రతికూలవాదులు 2003 నాటి ఇరాక్ యుద్ధాన్ని చూపుతారు. సామూహిక మారణాయుధాలు ఉన్నవన్న ఆరోపణపై, భద్రతామండలి స్పష్టమైన అనుమతి లేకుండా అమెరికా, బ్రిటన్ దాడి చేసినవి. ఆయుధాలు దొరకలేదు. 1999లో నాటో కూటమి కొసోవో విషయంలో 78 దినాలు బాంబుదాడులు చేసినది కూడా మండలి అనుమతి లేకయే. అయితే అక్కడ అల్బేనియన్ల బహిష్కరణ ఆగినదని సమర్థకులు గుర్తుచేస్తారు. 2005లో ఐక్యరాజ్యసమితి శిఖరాగ్ర సమావేశం "రక్షించే బాధ్యత" అనే సూత్రాన్ని ఆమోదించినది. 2011లో లిబియా విషయంలో పౌరులను కాపాడుటకు ఇచ్చిన అనుమతి ప్రభుత్వ పతనానికి దారితీయుటతో ఆ సూత్రంపై అనుమానాలు మరల పెరిగినవి.

భారతదేశపు వైఖరి

భారతదేశం ఈ విషయంలో ఒకే మాటపై నిలిచినదని చెప్పలేము. 1987లో శాంతిసేన పేరుతో శ్రీలంకకు పంపిన సైన్యం ఎల్‌టిటిఇతో పోరులో చిక్కుకొని, సుమారు 1,200 మందిని కోల్పోయి 1990 మార్చిలో వెనుదిరిగినది. 1988లో మాల్దీవులలో కుట్రను అణచుట మాత్రం అక్కడి ప్రభుత్వ కోరికపై జరిగి త్వరగా ముగిసినది. 2003లో పార్లమెంటు ఇరాక్ దాడిని నిందిస్తూ తీర్మానించినది. ఆ జూలైలో, ఐక్యరాజ్యసమితి ఆదేశం లేనిదే సైన్యం పంపజాలమని ప్రభుత్వం అమెరికాకు తెలియజేసినది. 2011లో లిబియా తీర్మానంపై ఓటింగులో పాల్గొనలేదు.

ఈ జాగ్రత్తకు సిద్ధాంతం ఒక్కటే కారణం కాదు. 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్ ను ఆక్రమించినపుడు అక్కడ చిక్కుకొన్న సుమారు 1,70,000 మంది భారతీయులను విమానాలలో స్వదేశానికి చేర్చవలసి వచ్చినది. వారిలో తెలుగువారును ఉన్నారు. రాయచోటి, రాజంపేట, మదనపల్లె ప్రాంతాల నుండి బ్రతుకుతెరువుకు కువైట్ వెళ్ళుట నేటికీ సాగుచున్నది. కువైట్ విమోచన జరిగినందుననే వారికి తిరిగి అక్కడ పని దొరికినది. అదే గల్ఫు ప్రాంతంలో మరొక యుద్ధం వస్తే మొదట ఆగిపోయేది వారు ఇంటికి పంపే సొమ్మే.