తునికాకు టెండరు నుంచి సమత తీర్పు దాకా: కాంట్రాక్టు ఎవరికిచ్చారు, ఏం చూసి ఇచ్చారు?



టెండరు గొడవ అనగానే ఇద్దరు కాంట్రాక్టర్ల తగాదాలే, మనకేం సంబంధం అనుకుంటాం. కానీ మన చరిత్ర తిరగేసి చూడండి. అడవిలో జరిగిన చాలా పోరాటాల వెనక ఒకటే ప్రశ్న ఉంటుంది: సర్కారు ఈ హక్కును ఎవరి చేతిలో పెట్టింది, ఏం చూసి పెట్టింది? పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

ముందు 1879 రంప తిరుగుబాటు. మన్యంలో కల్లు అంటే ఎండాకాలం ఆకలి తీర్చేది కూడా. మద్రాసు ప్రభుత్వం కొత్త ఆబ్కారీ నిబంధనలు తెచ్చి, ఇంటి అవసరానికి గీసుకునే కల్లుకు కూడా అడ్డం పెట్టింది. పన్ను వసూలు చేసుకునే హక్కు కాంట్రాక్టర్లకు పోయింది. అప్పటికే మన్సబ్‌దారు చిగురుపన్ను లాంటివి వేసి పీడిస్తున్నాడు. మైదానం నుంచి వచ్చిన వ్యాపారులు కోర్టు డిక్రీలు పట్టుకుని పశువుల్నీ, పంటల్నీ తోలుకుపోతున్నారు. ఆ కౌలు పద్ధతిలో సర్కారు చూసేది ఒక్కటే, ఖజానాకు ఎంత వస్తుందని. చెట్టు ఎక్కేవాడి బతుకు ఆ లెక్కలో ఎక్కడా లేదు. మార్చి 1879లో మన్యం భగ్గుమంది.

1922లో అల్లూరి సీతారామరాజు వెంట మన గంటం దొర, మల్లు దొర లాంటి వాళ్లు నడవడానికి కూడా ఇలాంటి కారణం ఒకటుంది. గూడెం ప్రాంతంలో రోడ్డు పనులకు మనవాళ్లను వెట్టికి, అరకొర కూలికి తోలారు. గూడెం అధికారి బాస్టియన్ మీద జనానికి అంత కోపం రావడానికి ఈ రోడ్డు పనే పెద్ద కారణం. పని సర్కారుదే, డబ్బూ సర్కారుదే, అయినా చెమట కార్చినోడికి కూలి చేరలేదు.

స్వతంత్రం వచ్చాక ఈ ప్రశ్న తిరుగుబాటు రూపంలో కాకుండా కోర్టు కేసు రూపంలో ముందుకొచ్చింది. అందులో మనం బాగా గుర్తు పెట్టుకోవాల్సింది తునికాకు కేసు. ఒడిశాలో దాన్ని కెందు ఆకు అంటారు. 1961లో ఒడిశా ప్రభుత్వం చట్టం చేసి ఆ వ్యాపారం మొత్తం తన గుత్తాధిపత్యం కిందకు తెచ్చుకుంది. అకాదశి పాఢాన్ కేసులో సుప్రీంకోర్టు చట్టం చెల్లుతుంది అంది, కానీ ఒక మెలిక పెట్టింది. గుత్తాధిపత్యం సర్కారుది అయినప్పుడు ఏజెంటు సర్కారు తరఫునే పని చేయాలి, సొంత లాభానికి వ్యాపారం చేసుకుంటానంటే కుదరదు అని.

తర్వాత 1968 సీజన్‌కి ఏం చేశారంటే, పాత లైసెన్సుదారులకే మళ్లీ ఇచ్చేస్తాం అన్నారు. ఆ పద్ధతి మార్చి, ఆకు ముందస్తు కొనుగోలుకు ఆఫర్లు పిలిచారు గానీ, అదీ ఆ పాతవాళ్ల నుంచే! కొత్తవాడికి గుమ్మం దగ్గరే తలుపేశారు. రాస్‌బిహారీ పండా కేసులో 1969లో సుప్రీంకోర్టు ఈ రెండు పద్ధతులూ చెల్లవంది. గుత్తాధిపత్యం జనం కోసం తీసుకున్నది, కొందరు వ్యాపారుల జేబు నింపడానికి కాదు అనేది ఆ తీర్పు సారం.

ఒకటి గమనించారా? ఈ రెండు కేసుల్లో ప్రధాన గొడవ వ్యాపారం ఎవరు చేయాలన్నది. ఎండలో ఆకు కోసి, యాభై ఆకులకు ఒక కట్ట కట్టే ఆడవాళ్ల కూలి గురించి కాదు. మన తెలంగాణ అడవుల్లో ఆ కట్ట రేటు కోసం విడిగా పోరాటాలు చేయాల్సి వచ్చింది. అంటే టెండరు న్యాయంగా జరిగినంత మాత్రాన కూలీకి న్యాయం జరిగినట్టు కాదు.

ఇక 1979. ఈసారి అడవి కాదు, బొంబాయి విమానాశ్రయం. అక్కడ ఒక హోటల్ నడపడానికి టెండరు పిలిచారు. అయిదేళ్ల అనుభవం ఉన్న, రిజిస్టరైన రెండో తరగతి హోటల్ యజమాని అయ్యుండాలని షరతు. చివరికి క్యాంటీన్లు నడిపిన అనుభవమే ఉన్న వ్యక్తికి ఇచ్చారు. రమణ దయారాం శెట్టి కేసు ఇదే. జస్టిస్ భగవతి ఏమన్నారంటే, ప్రభుత్వం తాను పెట్టిన అర్హతకు తానే కట్టుబడాలి. షరతు సడలిస్తారని ముందే తెలిస్తే ఇంకెంతమంది పోటీకి వచ్చేవాళ్లో! ఇంత చెప్పీ ఆ కాంట్రాక్టును మాత్రం కొట్టేయలేదు. కేసు ఆలస్యంగా వేశారు, ఈలోగా అవతలివాడు డబ్బు ఖర్చు పెట్టేశాడు అనేవి అందుకు చెప్పిన కారణాల్లో ఉన్నాయి. మనకు పాఠం ఏంటంటే, అన్యాయం కనబడితే వెంటనే రాతపూర్వకంగా అడగాలి.

1994లో టాటా సెల్యులార్ కేసు వచ్చింది. మొబైల్ ఫోన్ లైసెన్సుల కోసం పెద్ద కంపెనీల పోటీ. మేం టెండర్ల మీద అప్పీలు వినే కోర్టు కాదు, ఎవరు మెరుగో మేం తేల్చం, నిర్ణయానికి వచ్చిన పద్ధతి సరిగ్గా ఉందా లేదా అన్నదే చూస్తాం అని సుప్రీంకోర్టు తేల్చింది. అందుకే ఈరోజుకీ టెండరు కేసుల్లో 'ఎందుకు ఇచ్చారు' కన్నా 'ఎట్లా ఇచ్చారు' అనే వాదనే నిలబడుతుంది.

మరి ఆ పోటీలోకే మనల్ని రానివ్వకపోతే? దానికి జవాబు 1997 జులై 11న వచ్చిన సమత తీర్పు. అనంతగిరి మండలం బొర్రా, నిమ్మలపాడు ప్రాంతాల్లో గనుల లీజులు గిరిజనేతరులకు, కంపెనీలకు ఇచ్చారు. హైకోర్టులో ఓడినా సమత సంస్థ సుప్రీంకోర్టుకు వెళ్లింది. భూబదలాయింపు నిబంధన 1/59, దాని 1/70 సవరణ ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో సర్కారు భూమిని కూడా గిరిజనేతరులకు లీజుకివ్వకూడదని ఇద్దరు జడ్జీలు అన్నారు, ఒకరు విభేదించారు. ప్రభుత్వ ఖనిజ సంస్థో, గిరిజనుల సహకార సంఘమో తవ్వుకోవచ్చు. నికర లాభంలో కనీసం 20 శాతం స్థానిక అభివృద్ధికి పక్కన పెట్టాలి. అంటే ఎంత ఎక్కువ రేటు పాడినా సరే, బయటి కంపెనీకి అసలు అర్హతే లేదు. 1879 నాటి లెక్క తలకిందులైంది ఇక్కడే.

1996 పెసా చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం ఇంకో అడుగు ముందుకేశాయి. తునికాకు, వెదురు లాంటి చిన్న అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యం గ్రామానిది అన్నాయి. మహారాష్ట్ర గడ్చిరోలిలో మన గోండు గ్రామసభలు ఇప్పుడు తునికాకు వేలం సొంతంగా పెట్టుకుంటున్నాయి. అక్కడ టెండరు తెరిచే కుర్చీలో ఊరే కూర్చుంది.

ఆ కుర్చీలో కూర్చున్నాక ఈ ప్రశ్నలన్నీ మనవే అవుతాయి. ఎక్కువ రేటు రాసినోడికే ఇవ్వాలా? అడ్వాన్సు ఎంత కడతాడు, ధరావత్తు పెట్టాడా, పోయిన ఏడు డబ్బు ఎగ్గొట్టాడా అనేవీ చూడాలా? చూడాలనుకుంటే ఆ షరతులు టెండరు పిలిచే ముందే తీర్మానం పుస్తకంలో రాసుకోవాలి. తెరిచాక మారిస్తే మనమూ బొంబాయి విమానాశ్రయం అధికారులు చేసిన పనే చేసినట్టు. బంధువనో, మన పార్టీ వాడనో ఇస్తే కెందు ఆకు కేసులో సర్కారు చేసిన తప్పే మనదీ అవుతుంది.

ఇంకోటి. ఊళ్లో రోడ్డు, స్కూలు బిల్డింగు పనులు వచ్చినప్పుడు షరతుల కాగితం చదవండి. చిన్న చిన్న పనులన్నీ కలిపి ఒకే ప్యాకేజీ చేసి, కోట్ల టర్నోవరు ఉండాలని రాస్తే మన కుర్రాళ్లు బిడ్ వేయకముందే బయటికి పోయినట్టే. 'గిరిజనులు రాకూడదు' అని ఎవరూ రాయరు, ఆ ఒక్క అంకె చాలు. దాన్ని ప్రశ్నించాల్సింది బిడ్లు తెరిచాక కాదు, టెండరు నోటీసు వచ్చిన వారంలోనే. సమాచార హక్కు దరఖాస్తు రాయడం, గ్రామసభ తీర్మానం రాయడం మన గ్రూపులో చదువుకున్న ప్రతి ఒక్కరికీ రావాలి. మన తాతలు విల్లు పట్టి అడిగింది మనం కాగితం మీద అడగాలి.

జై ఆదివాసీ!