వీడియో ఆటల ఉత్తరభాగములు: జాగునకు కారణము

పెద్దలారా, మన మనుమలు తెరలపై ఆడు వీడియో ఆటలు మనకు వట్టి కాలహరణముగా తోచవచ్చును. ఐనను వాని నిర్మాణచరిత్రము వినదగినది. ఒక ఆట జనాదరము పొందినచో దానికి ఉత్తరభాగము వెలువరించుట ఆచారము. మొదట ఏడాది రెండేండ్లలో వచ్చుచుండిన ఆ భాగములు నేడు పదేండ్లకైనను రాకుండుటకు హేతువేమి? చిరకాలము బాలురకు పాఠము చెప్పిన నేను వారి ఆటల సంగతియు తెలిసికొనగోరి దీనిని విచారించితిని.

'గ్రాండ్ థెఫ్ట్ ఆటో' అను ఆటను నిదర్శనముగా గైకొందము. దీనిని వెలువరించువారు రాక్‌స్టార్ అను సంస్థవారు. వారి ప్రధాన నిర్మాణశాల స్కాట్లండునందలి ఎడింబరో నగరమున నున్నది. ఇందు మూడవ ఆట 2001లో వచ్చెను. దాని వెంట 2002లో ఒకటియు, 2004లో ఒకటియు వెలువడెను. నాలుగవది 2008లోను, ఐదవది 2013లోను వచ్చినవి. ఆరవదానిని 2025లో ఇత్తుమని చెప్పి, 2026 మే నెలకును, మరల ఆ యేటి నవంబరు 19వ తేదీకిని వాయిదా వేసిరి. ఆ గడువునే లెక్కగొన్నను నడుమ 13 ఏండ్లు. ఐదవ ఆటనాటి పదేండ్ల బాలుడు ఆరవదానినాటికి ఇరువదిమూడేండ్ల యువకుడు!

మొదటి కారణము ఆటలోని లోకము పెరుగుట. ఆ సంస్థవారిదే 'రెడ్ డెడ్ రిడెంప్షన్' అను మరియొక ఆట 2010లో వచ్చెను. దాని రెండవ భాగము 2018లో గాని రాలేదు. 1899 నాటి అమెరికా జీవితమును చూపుటకై అందు సుమారు 1,200 మంది నటులు పనిచేసిరి. సంభాషణలే 5 లక్షల పంక్తులు. గుఱ్ఱపు నడక, మంచుపై అడుగుజాడ మొదలగునవి యెల్ల ఒకరు కూర్చుండి కల్పింపవలసినవే.

రెండవది రాబడి. ఐదవ 'గ్రాండ్ థెఫ్ట్ ఆటో' మూడు దినములలో 100 కోట్ల డాలర్లు ఆర్జించెను. నేటికి 20 కోట్లకు మించిన ప్రతులు అమ్ముడుపోయినవి. పాత పంట ఇంకను ఇల్లు నింపుచుండగా కొత్త దుక్కికి తొందర తగ్గుట సహజము.

మూడవది నిశ్చయము లేమి. అమెరికాలోని త్రీడీ రెల్మ్స్ సంస్థవారు 'డ్యూక్ న్యూకెం ఫరెవర్' అను ఉత్తరభాగమును 1997లో ప్రకటించిరి. ఆటను నడపు ఇంజను అను మూలసాధనమును మార్చి, చేసినపనిని మరల చేయుచు కాలము గడపిరి. 2009లో ధనము చాలక పనివారిని తొలగించిరి. తుదకు గేర్‌బాక్స్ అను వేఱొక సంస్థ దానిని 2011లో వెలువరించెను. 14 ఏండ్లు వేచినవారిలో పెక్కురకు అది రుచింపలేదు.

కావున ఆలస్యమెల్ల నొక్కటి కాదు. తుది యెఱుగని జాగు పనిని చెఱచును. పనికి తగిన వ్యవధి పనివానిని కాచును. 2018లో ఆ రెండవ భాగము వెలువడుటకు ముందు, వారమునకు 100 గంటలు పనిచేసితిమను మాట రాక్‌స్టార్ సంస్థ పెద్దల నోటనే వెలువడి గొప్ప చర్చకు దారితీసెను. అది నలుగురు రచయితలకు మూడువారములు మాత్రమే వర్తించినదని పిదప వివరించిరి. ఆ సంస్థకు బెంగుళూరునందును నిర్మాణశాల కలదు. ఆటకై అలుగు మనుమని ప్రక్కన, ఆ ఆటను నిర్మించుచు నిదుర మానెడి మనుమడును మన యిండ్లలో ఉండవచ్చును. మొదటివాని ఓర్పే రెండవవానికి విశ్రాంతి. గడువు దాటెనని బిడ్డలు విసిగినపుడు పెద్దలు ఈ మాట చెప్పవలెను.