తల్లి మందు, పిల్ల పాలు

బాలింతకి జ్వరమంటే ఒకప్పుడు ఇల్లంతా గుండెలు చిక్కబట్టుకునేది. కాయం తినిపించడం, దేవుడికి మొక్కుకోవడం, అంతే. ఇక్కడే కాదు, లండన్‌లోనూ అదే గతి. 1936లో అక్కడి క్వీన్ షార్లెట్స్ ఆస్పత్రిలో కోల్‌బ్రూక్ అనే డాక్టరు, ప్రోంటోసిల్ అనే ఎర్రటి సల్ఫా మందుని సూతికా జ్వరం వచ్చిన 38 మందికి ఇచ్చి చూశాడు. పోయింది ముగ్గురే. అంతకుముందు నలుగురైదుగురిలో ఒకరు పోయేవారు.

సరే, తల్లి బతికింది. మరి ఒళ్ళో పిల్ల సంగతి? ఆ ప్రశ్న గట్టిగా అడగడానికి ఇరవయ్యేళ్ళు పట్టింది. అడిగించింది కూడా పసివాళ్ళ చావులే. 1956లో అమెరికాలో, నెలలు నిండని పిల్లలకి ముందుజాగ్రత్తగా ఇచ్చిన సల్ఫా వల్ల కామెర్ల విషం మెదడుకెక్కిందని తేలింది. 1959లో క్లోరామ్‌ఫెనికాల్ వంతు వచ్చింది. అదేనండీ, మనవాళ్ళు టైఫాయిడ్‌కి మింగిన క్లోరోమైసెటిన్. లేత కాలేయం దాన్ని విరిచెయ్యలేక పసికందుల ఒళ్ళు బూడిదరంగుకి తిరిగి ప్రాణాలు పోయాయి. ఇవన్నీ నేరుగా పిల్లలకిచ్చిన మందులే, పాలతో వెళ్ళినవి కావు. అయినా భయం భయమే కదా! "మందు వాడుతున్నావా, పాలు మాన్పించెయ్" అనడం అందరికీ సులువు. డబ్బాపాలు కొనేవాళ్ళకీ, పాలు చేపి రాత్రంతా మూలిగే తల్లికీ తప్ప.

వీటికి ముందే, 1948లో, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు పరిశోధన నడిపించిన లెడర్లీ కంపెనీ నుంచి ఆరియోమైసిన్ వచ్చింది. టెట్రాసైక్లిన్ల వంశానికి పెద్దకొడుకన్నమాట. ఎదిగే పిల్లల పళ్ళకి మరకలు పెడుతుందని ఆ వంశానికి చెడ్డపేరు. అయితే తల్లిపాలలోని కాల్షియమే దాన్ని పట్టుకుని, పిల్ల ఒంటికి పెద్దగా అంటనివ్వదు. కొద్దిరోజులు వాడితే పాలు మాన్పించక్కర్లేదని ఇప్పుడు డాక్టర్లంటున్నారు. చూశారా, పాలే కాపలా కాస్తున్నాయి!

1983లో అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం, తల్లి వాడే మందుల్లో పాలిచ్చేటప్పుడు ఏవి ఫరవాలేదో, ఏవి కూడదో ఒక పట్టిక అచ్చువేసింది. పెన్సిలిన్, అమాక్సిసిలిన్, సెఫలెక్సిన్ లాంటివి పాలలోకి వెళ్ళేది పిసరంత. పిల్లకి విరేచనాలో, నోట్లో తెల్లపూతో వస్తాయేమో కనిపెట్టుకోవాలి. సల్ఫా మాత్రం నెలలు నిండని పిల్లకీ, కామెర్లున్న పిల్లకీ పడదు. అందుకే డాక్టరు చీటీ రాయకముందే, "పాలిస్తున్నాను, పిల్లకి ఇన్ని రోజులు" అని చెప్పెయ్యాలి. అడిగేదాకా ఆగితే కుదరదు.

మొన్న మా పైవాటా అమ్మాయికి పాలు గడ్డకట్టి ఒళ్ళు కాలిపోయే జ్వరం. డాక్టరమ్మ సెఫలెక్సిన్ రాసి, "పాలు పట్టిస్తూనే ఉండమ్మా, ఉన్నట్టుండి మానేస్తే గడ్డ చీము పట్టగలదు" అంది. అత్తగారికి నమ్మకం కుదరలేదు. అప్పటికే సీసా మరగబెట్టి ఉంచారు. "నువ్వు కథలు రాస్తావుగా, నువ్వు చెప్పు" అంటూ నా దగ్గరికొచ్చారు. నేను కోల్‌బ్రూక్ దగ్గర్నుంచి మొదలుపెట్టాను. సుబ్బారావుగారి దాకా కూడా రానివ్వలేదు, "సర్లే, పిల్ల ఏడుస్తోంది" అంటూ లేచి వెళ్ళి దాన్ని కోడలి ఒళ్ళో పడుకోబెట్టారు.