మిషను విమానము – మెకానిక్ చేతులు

శతవత్సర సంచికలో విమానముల గూర్చిన వ్యాసమేమిటని మన సభ్యులలో కొందరు అడుగవచ్చును. మన ప్రాంతమునకు వచ్చిన తొలి మిషనెరీలు ఎడ్లబండ్లపై తిరిగిరి. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియై గోదావరి కాలువలు వచ్చిన తరువాత పడవలు దొరకినవి. మనకు విమానము అవసరమే కలుగలేదు. కాని బండి బాటగాని, పడవ దారిగాని లేని దేశములలో ఆ పనిని చిన్న విమానములు చేసినవి.

1956లో ఇక్వడార్ అడవిలో ఈటెలపాలైన ఐదుగురు యౌవనస్థుల కథను మనలో అనేకులము సండే స్కూలులోనే విన్నాము. వారిలో నేట్ సెయింట్ గారు విమానము నడిపినవారు. మనము విన్నది ఆయన చివరి ఆరు దినముల కథ. అంతకుముందు ఆయన చేసిన ఏడు సంవత్సరముల పనిని గూర్చి ఎవరును మనకు చెప్పలేదు. మేము ఇక్కడ చెప్పగోరినది ఆ పనినే.

రెండవ ప్రపంచ యుద్ధములో విమానములు నడిపిన కొందరు అమెరికా క్రైస్తవులు 1945లో ఒక సహవాసమును స్థాపించిరి. అదియే నేటి మిషన్ ఏవియేషన్ ఫెలోషిప్. దాని మొదటి పైలట్ ఒక స్త్రీ అనిన సంగతి మన స్త్రీల సమాజమువారు గమనింతురు గాక! బెట్టీ గ్రీన్ గారు యుద్ధకాలమున సైన్యమునకు విమానములు నడిపినవారు. 1946 ఫిబ్రవరి 23న ఎర్రని వాకో విమానములో కాలిఫోర్నియా నుండి ఇద్దరు సేవకురాండ్రను మెక్సికోకు తీసికొని వెళ్లిరి. కొన్ని నెలలకే, మరియొక పైలట్ చేతిలో నుండగా, ఆ విమానము దిగుచు ఒక చిన్న కట్టడమునకు తగిలి దెబ్బతినెను. సంఘమునకున్నది ఆ ఒక్క విమానమే. దానిని బాగుచేయుటకు పిలిపించినది సైన్యములో మెకానిక్‌గా పనిచేసిన నేట్ సెయింట్ గారిని. అట్లు ఆయన ఈ సేవలోనికి రెంచి పట్టుకొని ప్రవేశించిరి.

1948లో ఆయన, భార్య మార్జొరీ గారు ఇక్వడార్‌లోని షెల్ మేరా చేరిరి. ఆండీస్ పర్వతముల తూర్పు పాదమున చమురు కంపెనీ విడిచిపోయిన స్థలమది. నర్సు శిక్షణ పొందిన మార్జొరీ గారు రేడియో దగ్గర కూర్చుండి, భర్త విమానము ఎక్కడున్నదో గంటగంటకు వినుచుండెడివారు. ఆ డిసెంబరు చివరనే కీటో పట్టణములో విమానము కూలి, ఆయన నడుము విరిగెను. నెలల తరబడి కట్టులో నుండి, మరల అదే పనికి వచ్చిరి.

ఆ పని ఎట్టిదో కొంచెము వివరింతుము. అడవిలో పెట్రోలు డ్రమ్ములలో నిలువయుండును. రాత్రి చలికి డ్రమ్ములో నీరు చేరును. నీరు బరువు గనుక అడుగునకు దిగును. కొన్ని చుక్కలు ఇంజనులోనికి పోయినను చాలును, చెట్లమీద ఇంజను ఆగిపోవును. అందుచేత పెట్రోలును మెత్తని తోలుగుండా వడకట్టవలెను. ప్రతి ఉదయము టాంకు అడుగునుండి కొంత గాజు పాత్రలోనికి తీసి వెలుతురులో చూడవలెను. ప్రయాణికుని, అతని మూటను, చివరకు కోడిపిల్లల గంపనుకూడ తూచవలెను. వర్షము పడిన దిగుస్థలములో బురద ఎంతయో ముందుగా అడుగవలెను. మధ్యాహ్నము మేఘము క్రమ్ముకొనక ముందే ఇల్లు చేరవలెను. రోగి ఎదురుచూచుచున్నను, "నేడు వీలుకాదు" అనగల ధైర్యము పైలట్‌కు ఉండవలెను.

ఇంజను ఒక్కటే గనుక, పెట్రోలు దారి మూసికొనిపోయిన గతియేమని నేట్ గారు ఎంతో ఆలోచించిరి. వేరుగా ఒక చిన్న టాంకు అమర్చి, మామూలు దారితో పనిలేకుండ ఒక గొట్టము ద్వారా ఇంజనుకు పెట్రోలు అందునట్లు చేసిరి. పైలట్ చేతి దగ్గరనే దాని మీట.

ఇది వ్రాయుచుండగా మాకు ఒక జీపు జ్ఞాపకము వచ్చుచున్నది. మేమెరిగిన ఒక సంస్థకు విదేశమునుండి కానుకగా వచ్చెను. ప్రార్థన చేసి, పూలదండ వేసి, ఫోటో తీయించుకొంటిమి. విడిభాగములకు, మెకానిక్ జీతమునకు బడ్జెట్‌లో ఒక్క రూపాయియు వ్రాయలేదు. మూడేండ్లకు అది చింతచెట్టు క్రింద తుప్పుపట్టి, కోళ్లు గ్రుడ్లు పెట్టు స్థలమాయెను. ఆ కమిటీలో మేమును ఉంటిమి.

దిగుటకు స్థలమే లేనిచోట నేట్ గారు చేసిన ఉపాయము విచిత్రమైనది. వెయ్యి అడుగులకు మించిన త్రాడు చివర ఒక బకెట్టు కట్టి, విమానమును చుట్టుచుట్టు త్రిప్పిరి. వలయము బిగిసినకొలది బకెట్టు నడిమికి వచ్చి, బావిలోనికి విడిచిన చేదవలె దాదాపు కదలక నిలిచెడిది. క్రిందివారు దానిలోని వస్తువు తీసికొని, తమది పెట్టవచ్చును. 1955 అక్టోబరులో వావొరానీ అను అడవి ప్రజలకు మొదటి కానుకయగు అల్యూమినియం కెటిల్ ఈ త్రాడుమీదనే దిగెను. తరువాత వారును కానుకలు కట్టి పంపిరి. ఒకమారు బ్రతికియున్న చిలుక వచ్చెను.

1956 జనవరి 3న కురరాయ్ నది ఇసుక మేటపై పసుపుపచ్చని పైపర్ విమానము దిగెను. జనవరి 8న ఐదుగురును చంపబడిరి. మరునాడు తోటి పైలట్ జానీ కీనన్ గారు పైనుండి చూడగా, విమానముపై గుడ్డ అంతయు చీల్చివేయబడి, ఇనుప చట్రము మాత్రము కనబడెను. తన స్నేహితుని విమానమును అట్లు చూచిన ఆయన, ఆ వారమంతయు వెదకువారికొరకు విమానము నడుపుచునే యుండిరి. ప్రతి ఉదయము పెట్రోలు వడకట్టియే యుండును గదా!

తరువాత కథ అంతయు వెలుగే యని వ్రాయుట న్యాయము కాదు. 1958లో నేట్ గారి అక్క రేచెల్ గారును, చనిపోయిన జిమ్ ఇలియట్ గారి భార్య ఎలిజబెత్ గారును అదే ప్రజల మధ్యకు వెళ్లి నివసించిరి; పగకు పగ చంపుకొను వాడుక బహుగా తగ్గెను. కాని బయటివారితో సంబంధము పెరిగి, పలు గుంపులు ఒకచోట చేరిన పిమ్మట 1969లో పోలియో వ్యాపించి పలువురు మరణించిరి. దారి తెరచినప్పుడు మందుతోపాటు రోగమును వచ్చును. దీనిని దాచిపెట్టు మిషను చరిత్రలు మాకు రుచింపవు.

ఇసుకలో పూడిపోయిన ఆ విమానపు చట్రము 1994లో బయటపడెను. అమెరికాలోని నాంపా పట్టణమున, ఫెలోషిప్ ప్రధాన కార్యాలయములో దానిని ప్రదర్శనకు ఉంచిరి. ఆ సంస్థ మెకానిక్‌లు తమ పనికి పోవుచు వచ్చుచు చూచుటకు అది అక్కడ ఉన్నది.